హెడ్మాస్టారి మార్కులు

సిలిండరు మీద రెగ్యులేటరు లేదు.

సువార్తమ్మ వంగి చూసింది. రబ్బరు గొట్టం ఉత్తగా వేలాడుతోంది. గట్టు మీద లైటరు కూడా లేదు. అది ఎప్పుడూ ఉండే మేకుకి ఇవాళ జల్లెడ తగిలించి ఉంది.

"అత్తయ్యగారూ, మీరెళ్ళి కూర్చోండి. టీ నేను పెట్టి తెస్తాను." గుమ్మంలో నిలబడి కోడలు పుష్పలత అంది. గుడికి కట్టుకెళ్ళిన చీర ఇంకా మార్చుకోలేదు.

"రెగ్యులేటరు ఏదమ్మా?"

"బీరువాలో పెట్టేనండి."

"పొయ్యి సామాను బీరువాలోనా?"

"ఆయనే పెట్టమన్నారండి. ఎప్పట్నుంచో చెప్తన్నారు. నేనే బాగోదని ఊరుకున్నాను." పుష్పలత చూపు పక్కకి తిప్పుకుంది. "నిన్న మీ అమ్మాయిగారు రావడం రావడం అడిగేరు, ఇంకా పొయ్యి అలాగే వదిలేశారా వదినా అని. నేనేం చెయ్యనండి?"

సువార్తమ్మ గట్టు తుడుద్దామని గుడ్డ కోసం చూసింది. గట్టు అప్పటికే తుడిచేసి ఉంది.

పొయ్యి వెనకాల గోడ మీద పొగ మరక మాత్రం పోలేదు. పాలగిన్నె మాడి, ఇల్లంతా పొగ కమ్మి, పేటలో సగం మంది పరుగెత్తుకొచ్చిన రోజున పడ్డ మరక అది. ఆ రోజు వచ్చినవాళ్ళందరికీ ఆవిడే చెప్పింది. "నేనేనండి. పాలు పెట్టి మర్చిపోయేను. ఏంటో, వయసైపోయింది."

చెప్పేముందు ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

పాలు పెట్టింది ఆవిడ కాదు.

వీధి అరుగు మీంచి నవ్వులు వినిపించాయి. ఆదివారం ఆరాధన అయ్యాక ఇళ్ళకి పోయేవాళ్ళు అందరూ హెడ్మాస్టారి అరుగు దగ్గర ఆగి, పలకరించి పోవడం అలవాటు. దానం మాస్టారు తెల్లచొక్కా మడత నలక్కుండా పడక్కుర్చీలో కూర్చున్నారు. ఆయన రిటైరై చాలా కాలమైంది. పేటలో ఇంకా ఆయన హెడ్మాస్టారే.

"ముప్ఫైకి ఇరవై ఎనిమిదంట కదండీ!" యేసురత్నం గొంతు అది. ఆయన దగ్గర చదువుకుని, ఇప్పుడు కొబ్బరికాయల వ్యాపారం చేస్తున్నాడు. "మా మాస్టారు అప్పుడూ ఫస్టే, ఇప్పుడూ ఫస్టేనండి. మాకే, అప్పుడూ ఇప్పుడూ సున్నా."

మాస్టారు అతన్ని ఎగాదిగా చూశారు. కళ్ళజోడు సర్దుకున్నారు.

"ఏదీ, నీ పేరేంటో నువ్వే చెప్పు చూద్దాం. బిగ్గరగా."

యేసురత్నం చెప్పులు విడిచి, చేతులు కట్టుకుని, ఛాతీ విరుచుకుని నిలబడ్డాడు. "కె. యేసురత్నం, అయిదో తరగతి, బి సెక్షనండీ!"

అరుగంతా ఘొల్లుమంది. మాస్టారూ నవ్వారు. "కూర్చో" అన్నారు.

కిటికీలోంచి చూస్తున్న సువార్తమ్మకి నవ్వు రాలేదు. ఆయన ఆటకి అడగలేదు. పేరు తెలియకే అడిగారు. నలభై ఏళ్ళు పిల్లల్ని అడిగి అడిగి ఉన్నాయన కాబట్టి, ఏ ప్రశ్న ఎటునుంచి వచ్చినా దాన్ని తిప్పి అడిగినవాళ్ళకే ఇచ్చేస్తారు. నువ్వే చెప్పు చూద్దాం అంటారు. మాస్టారి బుద్ధి పోలేదని అందరూ మురిసిపోతారు.

ఆ మార్కుల గొడవంతా పాలగిన్నె నుంచే వచ్చింది. తల్లికి మరుపొస్తోందని కొడుకు విజయ్ కుమార్ బెంగపడి, అమలాపురంలో పెద్దవాళ్ళకి జ్ఞాపకశక్తి పరీక్షలు చేస్తున్నారని విని తీసుకెళ్ళాడు. అమ్మ ఒక్కతే బెదిరిపోతుంది, మీరూ కూర్చోండి నాన్నగారూ అని ఆయన్నీ కూర్చోబెట్టాడు.

తెల్లకోటు వేసుకున్న అమ్మాయి సువార్తమ్మ చేతిలో పెన్సిలు పెట్టింది. ఒకదాని మీదకి ఒకటి ఎక్కిన రెండు బొమ్మలు చూపించి, అలాగే గియ్యమంది. సువార్తమ్మకి పెన్సిలు ఎలా పట్టుకోవాలో తెలియలేదు. గడ్డి కోసే కొడవలి పట్టుకున్నట్టు పిడికిట్లో పట్టుకుంది. ఈ రోజు తారీఖెంతండీ అంటే, పున్నం వెళ్ళిపోయిందమ్మా, శుక్రవారం అంది. వందలోంచి ఏడు తీసేస్తూ రమ్మంటే ఊరుకుంది. ఒక వాక్యం రాయమంటే ఆ అమ్మాయి మొహంలోకి చూస్తూ ఉండిపోయింది. పదమూడు వచ్చాయి.

మాస్టారు తొంభై మూడు, ఎనభై ఆరు, డెబ్భై తొమ్మిది అంటూ ఇంక చాలండీ అనేదాకా దిగిపోయారు. తారీఖు ఆ అమ్మాయి ముందున్న కాగితం మీద చదివి చెప్పారు. వాక్యం రాయమంటే గొలుసుకట్టుగా రెండు వాక్యాలు రాసి, సంతకం పెట్టి, కింద ప్రధానోపాధ్యాయులు అని రాశారు. గుర్తుపెట్టుకోమన్న మాటల దగ్గర మాత్రం రెండు మార్కులు పోయాయి.

"ఈ ప్రశ్నలు చదువుకున్నవాళ్ళకి సరిపోయేవండి," అంది ఆ అమ్మాయి విజయ్ తో. "బడికెళ్ళనివాళ్ళకి ఇందులో మార్కులు రావు. బాగా చదువుకున్నవాళ్ళు లోపల ఇబ్బందున్నా గట్టెక్కేస్తారు. ఇవి చూసి ఏదీ తేల్చుకోకండి. ఇద్దర్నీ ఇంకోసారి తీసుకురండి, పెద్ద డాక్టరుగారు చూస్తారు."

"ఆయ్, అలాగేనండి" అన్నాడు విజయ్. కానీ అతను హైస్కూల్లో లెక్కల మాస్టారు. చేతిలో మార్కులు పడ్డాక మిగతా మాటలు చెవిన పడలేదు.

మెట్లు దిగుతుంటే మాస్టారు ఆవిడ వైపు వంగి, గొంతు తగ్గించి అడిగారు. "సువార్తా, మనం ఇక్కడికి ఎవర్ని చూడ్డానికొచ్చేం?"

"చూసేశామండి. ఇంటికెళ్ళిపోదాం."

*

మధ్యాహ్నం భోజనాల దగ్గర సువార్తమ్మకి కూడా కుర్చీ వేశారు. ఆ ఇంట్లో ఆవిడ అందరూ తిన్నాక తినడమే తప్ప, ఇలా కూర్చోబెట్టి వడ్డించడం ఎప్పుడూ లేదు. చుట్టాలింటికి వచ్చినట్టుంది. కోడికూర సుస్మిత వడ్డించింది. పెద్ద ముక్క వేసింది.

"మూడింటికి కారు రమ్మన్నాను. అమ్మ బట్టలు నాలుగు సర్దితే చాలు, మిగతావి అక్కడ కొంటాను." సుస్మిత కాకినాడలో ఆఫీసు ఉద్యోగం చేస్తోంది. ఏ పనైనా అనుకుంటే అయిపోవాలి ఆ పిల్లకి. "మా వీధి చివరే ఉందన్నయ్యా ఆ చోటు. పగలంతా ఇలాంటివాళ్ళని చూసుకుంటారు. సాయంత్రం నేనే ఇంటికి తెచ్చుకుంటాను."

'ఇలాంటివాళ్ళని' అన్న మాట సువార్తమ్మ విన్నది. ముద్ద కలుపుతూనే ఉంది.

"నేను చూడలేక పంపిస్తన్నానని అనుకోకే," అన్నాడు విజయ్.

"నేనలా అన్నానా?"

"అనలేదు. నలుగురూ అంటారు."

"మీరిద్దరూ పొద్దున్నే స్కూళ్ళకి పోతారు. ఇంట్లో నాన్నగారు తప్ప ఎవరున్నారు? ఇల్లు తగలబడితే ఎవరిది బాధ్యత? వదిన చూస్తాదా?"

పుష్పలత నీళ్ళ జగ్గు బల్ల మీద పెట్టింది. కాస్త గట్టిగానే పెట్టింది. "నేను పంపించమన్లేదండి సుస్మితగారూ. మీరిద్దరూ ఫోన్లో అనుకున్నారు. నాకు కారు మాట్లాడేక చెప్పేరు."

"చూసేవా అన్నయ్యా?"

"అబ్బ, తిననివ్వండే."

మాస్టారు కోడికూర ఇష్టంగా తింటున్నారు. మనవరాలు షైనీ ఎముక చప్పరిస్తోంది.

"రేపట్నుంచి స్కూలుకి నాన్నగారూ షైనీ ఇద్దరే," విజయ్ మాట మార్చాడు. "బండి మీద కొంచెం ఇరుకు తగ్గుద్ది. రోజూ చేపలకంటూ అమ్మ కూడా ఎక్కేది కదా."

"కొత్త పెళ్ళికూతురిలాగ," అని సుస్మిత నవ్వింది. "పేటంతా అదే అనుకుంటారంట. ముసలాయన వెనకాల భుజం మీద చెయ్యేసుకుని."

సువార్తమ్మ చెయ్యి కంచంలో ఆగిపోయింది.

చేపలకోసం కాదు ఆవిడ రోజూ బండెక్కింది. భుజం మీద చెయ్యేసింది ముచ్చటకీ కాదు. వంతెన దగ్గరికి రాగానే ఎడమ భుజం మీద తడుతుంది. ఆయన ఎడంపక్కకి తిరుగుతారు. బంకు దాటాక కుడి భుజం. స్కూలు గేటు దగ్గర రెండు భుజాలూ. ఇద్దరూ ఆ సంగతి ఎప్పుడూ మాట్లాడుకోలేదు. ఒకసారి ఆవిడకి జ్వరమొచ్చి బండెక్కలేదు. ఆ రోజు ఆయన వంతెన దగ్గర తిరక్కుండా తిన్నగా పోయి, రేవులో పంటు ఎక్కి, పిల్లతో సహా గోదావరి అవతల ఒడ్డున తేలారు. ఎండెక్కాక ఎవరో దారి చెప్పి పంపించారు. మనవరాలికి గోదారి చూపించాను అన్నారు ఇంటికొచ్చి. ఎంత మంచి తాతయ్య అన్నారు అందరూ.

"షైనీని మాస్టారి బండెక్కించకండి," అంది సువార్తమ్మ.

"ఏంటమ్మా?"

"ఆయనకి దారి తెలీదు."

విజయ్ నవ్వబోయి, తల్లి మొహం చూసి ఆపుకున్నాడు. "నాన్నగారికా? రాజోలు దారా? ఆ దార్లో ఎన్నేళ్ళు సైకిలు తొక్కేరమ్మా ఆయన!"

"తొక్కేరు. ఇప్పుడు తెలీదు. పంటెక్కించిన రోజు అలాగే పోయేరు. పాలు పెట్టింది కూడా నేను కాదు. ఆయనే."

ఆవిడ గొంతు పెద్దగా లేదు, వణకనూ లేదు. బియ్యంలో రాళ్ళున్నాయి అని చెప్పినట్టుగా చెప్పింది. ఇన్నాళ్ళూ దాచిన మాట బయటికొస్తే ఏదో అయిపోతుందనుకుంది. ఏమీ కాలేదు. ఫ్యాను తిరుగుతూనే ఉంది.

"మరి ఆ రోజు నేనే పెట్టేనన్నావు కదమ్మా? అందరి ముందూ అన్నావు."

"అన్నాను."

"ఇప్పుడు కాదంటన్నావు."

"కాదు."

"ఏది నమ్మమంటావమ్మా నన్ను?"

సుస్మిత తల్లి మణికట్టు మీద చెయ్యి వేసింది. "అన్నయ్యా, వాదించకు. ఈ జబ్బున్నవాళ్ళు ఇలాగే పక్కవాళ్ళ మీదకి తోసేస్తారంట. ఫోన్లో అంతా చదివేను." తర్వాత గొంతు మార్చి, చంటిపిల్లకి చెప్పినట్టు అంది. "అలాగేనమ్మా. నాన్నగారే పెట్టేరు. సరేనా? అన్నం తిను."

"నాకు పిచ్చి లేదే."

"ఉందని ఎవరన్నారు?"

సువార్తమ్మ కూతురి మొహంలోకి చూసింది. అందులో కోపం లేదు, అసహ్యం లేదు. జాలి ఉంది. దానితో ఎలా పోట్లాడాలో ఆవిడకి తెలియలేదు.

"ఏంటర్రా గొడవ?" అన్నారు మాస్టారు తలెత్తి.

విజయ్ ఇబ్బందిగా కదిలాడు. "ఏం లేదు నాన్నగారూ. మీకు దారి తెలీదంటంది అమ్మ. షైనీ స్కూలు ఎటో ఒక్క మాట చెప్పెయ్యండి, గొడవ వదిలిపోద్ది."

మాస్టారు తువ్వాలుతో మూతి తుడుచుకున్నారు. ఒకసారి సువార్తమ్మ వైపు చూశారు. తర్వాత మనవరాలి వైపు తిరిగారు.

"ఏమ్మా, స్కూలుకి ఎటు వెళ్ళాలి? నువ్వు చెప్పు చూద్దాం. నిలబడి చెప్పాలి."

షైనీ కూర చేత్తోనే లేచి నిలబడింది. "వంతెన దగ్గర ఎడంపక్కకి తిరగాలి తాతయ్యా. తర్వాత పెట్రోలు బంకు. తర్వాత కుడిపక్కకి."

"శెబాష్. కూర్చో."

విజయ్ నవ్వేశాడు. సుస్మిత కూడా నవ్వి, "అయిపోయిందా అమ్మా?" అంది.

వంటింటి గుమ్మంలో కూరగిన్నెతో నిలబడ్డ పుష్పలత నవ్వలేదు. "ఆయన చెప్పలేదు కదండీ," అంది మొగుడితో. "పిల్ల చెప్పింది."

"అది ఆయన పద్ధతే. నీకు తెలీదా?"

"తెలుసండి. అయినా ఆ అమలాపురం అమ్మాయి ఇద్దర్నీ మళ్ళీ తీసుకురమ్మన్నాదని మీరేగా చెప్పేరు. ఒక్కసారి తీసుకెళ్తే పోయేదేంటి?"

"అంటే మా నాన్నగారికీ మతి లేదంటావా వదినా?" సుస్మిత గొంతు లేచింది.

"మీ నాన్నగారేనా, మాకేమీ కారా?"

"పుష్పా, ఇంక ఆపుతావా?" విజయ్ కంచం పక్కకి నెట్టాడు. "ఇరవై ఎనిమిది వచ్చినాయన్ని మళ్ళీ పరీక్షకి కూర్చోబెట్టమంటావా? ఈ పేటలో మొట్టమొదట మేష్టరైనాయన. ఆయన పేరు చెప్పుకునే మనం ఇంత అన్నం తింటన్నాం. నలుగురూ వింటే ఏమనుకుంటారు?"

పుష్పలత లోపలికెళ్ళి గిన్నెలు తోమడం మొదలుపెట్టింది. ఆ చప్పుడు చాలాసేపు వినిపించింది.

మాస్టారు మజ్జిగ పోయించుకున్నారు.

*

గదిలో మంచం మీద సువార్తమ్మ బట్టలు సర్దుకుంటోంది. నాలుగు చీరలు, ఒక దుప్పటి, కొబ్బరినూనె సీసా. సంచీ ఇంకా సగం ఖాళీగానే ఉంది.

మాస్టారు వచ్చి పక్కన కూర్చున్నారు. భోజనం తర్వాత చొక్కా మార్చుకున్నారు కాబోలు, గుండీలు ఒకటి వదిలేసి ఒకటి పెట్టుకున్నారు. సువార్తమ్మ లేచి, అన్నీ విప్పి, మళ్ళీ వరసగా పెట్టింది. రోజూ చేసే పనే. ఆయన గడ్డం పైకెత్తి, పిల్లాడిలా నిలబడి పెట్టించుకున్నారు.

"ఎక్కడికి?" అన్నారు సంచీ చూసి.

"కాకినాడండి."

"ఎవరికి బాగోలేదు?"

"నాకేనండి. మరుపొచ్చిందంట."

ఆయన మొహం వాడిపోయింది. చప్పున ఆవిడ చెయ్యి పట్టుకున్నారు. "అయ్యో! ఎప్పట్నుంచి? నాకు చెప్పలేదేం?"

సువార్తమ్మ రెండో చేత్తో సంచీ పక్కకి జరిపింది.

"కంగారు పడకు. నేనున్నాను కదా," అన్నారు ఆయన. "నువ్వేది మర్చిపోయినా నేను చెప్తూ ఉంటాను. ఎవరికీ తెలియనివ్వను."

"అలాగేనండి."

ఏడుపు రావలసిన చోటది. రాలేదు. కాలు తిమ్మిరెక్కినప్పుడు గిల్లితే ఎలా ఉంటుందో అలా ఉంది ఆవిడకి. గిల్లినట్టు తెలుస్తోంది, నొప్పి తెలియడం లేదు.

రెండేళ్ళ కిందట ఇదే మంచం మీద ఇదే చెయ్యి పట్టుకుని ఆయన వేరే మాట అన్నారు. ఆ సాయంత్రం సొంత ఇల్లు దాటిపోయి వీధి చివర నిలబడిపోతే, ఆవిడే వెళ్ళి తీసుకొచ్చింది. "నా తలలో ఏదో అవుతోంది సువార్తా. పిల్లలకి తెలియనివ్వకు. పేటలో తెలియనివ్వకు," అన్నారు. తెలియనివ్వనండి అంది. ఆయన ట్రైనింగు అవుతున్న రోజుల్లో ఒకరి చేలో నాట్లేసి, ఇంకొకరి చేలో కోతలు కోసి సంసారం ఈదినావిడకి, ఈ పని ఏపాటి అనిపించింది. చదువు ఆయనది, సంతకం ఆయనది, హెడ్మాస్టారనే పేరు ఆయనది. ఆ పేరు పడిపోకుండా పట్టుకోవడమే ఆవిడ వంతు.

మాట తీసుకున్న సంగతి ఆయన ఎప్పుడో మర్చిపోయారు.

తను వెళ్ళిపోతుంది. రేపు పొద్దున్న బండి మీద ముందు షైనీ నిలబడుతుంది. వెనకాల ఎవరూ ఉండరు. వంతెన దగ్గర ఎవరూ భుజం తట్టరు. పిల్ల దారి చెబుతుందిలే అని నెమ్మదిపడబోయింది. ఎదర లారీ వస్తుంటే బ్రేకు ఏదో కూడా ఆ పిల్లే చెప్పాలా? మొన్న అది కూడా అయింది. కాలు దేని మీద వెయ్యాలో తెలియక ఆయన బండిని పొలంగట్టు మీదకి ఎక్కించేశారు. చేపలావిడ అడ్డొచ్చిందని ఆవిడే ఇంట్లో చెప్పింది.

వీధిలో కారు హారను మోగింది.

"ఎవరో వచ్చినట్టున్నారు," అన్నారు మాస్టారు లేస్తూ. "పద, పలకరిద్దాం."

*

కారు వేప చెట్టు నీడలో ఆగింది. విజయ్ సంచీ తెచ్చి డిక్కీలో పెట్టాడు. ఎదురింటి పోలమ్మ, యేసురత్నం పెళ్ళాం, ఇంకో ఇద్దరు ముగ్గురు వచ్చి నిలబడ్డారు. సువార్తమ్మ వైపు చూసి, ఆవిడకి వినపడదన్నట్టు వాళ్ళలో వాళ్ళు మాట్లాడుకుంటున్నారు.

"మనుషుల్ని గుర్తుపడతాందా?"

"ఆ, ఇంకా పడతాందంట."

"ఏం పోలమ్మా, నీ మోకాలు నొప్పి తగ్గిందా?" అంది సువార్తమ్మ.

పోలమ్మ ఉలిక్కిపడి, "తగ్గిందండీ సువార్తమ్మగారూ" అని కొంగుతో మూతి తుడుచుకుంది.

పుష్పలత షైనీ చెయ్యి పట్టుకుని మెట్ల దగ్గరే నిలబడి ఉంది. దగ్గరికి రాలేదు. అత్తగారి వైపు చూసి ఏదో అనబోయి, మొగుణ్ణి చూసి ఊరుకుంది.

"నాన్నగారూ, ప్రార్థన చేసి పంపించండి," అంది సుస్మిత.

ఆ ఇంట్లో ఎవరు దూరం ప్రయాణమైనా మాస్టారు తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసేదాకా బండి కదలదు. పరీక్షలకి వెళ్ళినా, పెళ్ళికి వెళ్ళినా, ఆస్పత్రికి వెళ్ళినా అంతే. వెళ్ళేవాళ్ళని పేరుపేరునా దేవుడికి అప్పగిస్తారాయన. పేరు చెప్పకపోతే దేవుడికి తెలియదా అని ఒకప్పుడు పాస్టరుగారే హాస్యమాడారు. "అటెండెన్సు అంటే పేరు పిలవాల్సిందేనండి" అన్నారు మాస్టారు.

అందరూ చెప్పులు విడిచారు. మగవాళ్ళు చేతులు కట్టుకున్నారు, ఆడవాళ్ళు కొంగు తల మీదకి లాక్కున్నారు. కారు డ్రైవరు ఇంజను ఆపేశాడు. తల్లీ కూతురూ పక్కపక్కన నిలబడి తలలు వంచారు. మాస్టారి కుడి చెయ్యి సుస్మిత తల మీద, ఎడమ చెయ్యి సువార్తమ్మ తల మీద పడ్డాయి. రెండు చేతులూ వెచ్చగా, నిలకడగా ఉన్నాయి.

"మహా కృపగల మా తండ్రీ, ఈ మధ్యాహ్న సమయమందు నీ పాదముల యొద్దకు వచ్చియున్నాము..."

ఎంత గొంతు అది! బడి ఆవరణంతా వినబడిన గొంతు. ఒక్క మాటకీ తడుముకోవడం లేదు. మాట వెనక మాట, ఒకదాన్ని ఒకటి లాక్కొచ్చినట్టు వస్తున్నాయి. దారిలో కాపాడమన్నారు, బండి నడిపే వ్యక్తికి మెలకువ ఇమ్మన్నారు, చేరవలసిన చోటికి క్షేమంగా చేర్చమన్నారు. పోలమ్మ "ఆమేన్" అంది మధ్యలోనే. విజయ్ కళ్ళు మూసుకుని తల ఊపుతున్నాడు. ఇలాంటాయనకా మతిమరుపు, అని అనుకుంటున్నట్టుంది.

"...ప్రయాణమై వెళ్ళుచున్న నీ దాసురాలు సువార్తను నీ చేతులకు అప్పగించుచున్నాము..."

ఆ పేరు ఆయనకి ఎవరూ అందించనక్కర్లేదు.

"...మరియు ఆమెతో కూడ వెళ్ళుచున్న నీ కుమార్తె..."

ఆగారు.

రెండేళ్ళుగా ఇక్కడే ఆగుతున్నారు. ఆగిన ప్రతిసారీ పక్కన నిలబడ్డ సువార్తమ్మ, తనలో తాను ప్రార్థించుకుంటున్నట్టు పేరు అందిస్తుంది. ఊపిరంత మెల్లగా అందిస్తుంది. ఆయన అందుకుని, గొంతెత్తి పిలుస్తారు. విజయ్ పేరు అలాగే అందించింది. పుష్పలతదీ, షైనీదీ అలాగే.

సుస్మిత పేరు ఆవిడ నాలుక చివరికి వచ్చేసింది.

ఆవిడ పెదవులు బిగించింది.

"...నీ కుమార్తె..." అన్నారు మాస్టారు మళ్ళీ.

ఆయనకి దుఃఖం వచ్చిందనుకున్నారు అందరూ. భార్య దూరమవుతోంది కదా, ఎంతటివాడికైనా గొంతు పూడుకుపోదా? యేసురత్నం పెళ్ళాం ముక్కు చీదింది. విజయ్ భుజాలు కదిలాయి. సుస్మిత తండ్రి చేతి కింద తల ఇంకా వంచి, వెక్కింది.

తన తల మీది చెయ్యి బరువెక్కుతున్నట్టు సువార్తమ్మకి తెలుస్తోంది. వేళ్ళు జుట్టులో చిన్నగా కదిలాయి. రోజూ గుండీలు పెట్టించుకునే మనిషి అడుగుతున్న తీరే అది. చెప్పవేం, అన్నట్టు.

ఆవిడ కళ్ళు తెరిచి, కిందికి చూసింది. మట్టిలో చీమలు వరసగా పోతున్నాయి. ఆవిడకి కోపం లేదు. గెలిచినట్టూ లేదు. లోపలెక్కడో ఒక తలుపు మూసుకుని, దానికి ఆనుకుని కూర్చున్నట్టుంది.

"...నీ కుమార్తె..."

మూడోసారి ఆ గొంతులో దుఃఖం లేదు. పోలమ్మ కళ్ళు తెరిచి చూసింది. మెట్ల దగ్గర పుష్పలత షైనీని దగ్గరికి లాక్కుంది.

సుస్మిత మెల్లగా తలెత్తింది. చెంపల మీద తడి అలాగే ఉంది.

"నాన్నగారూ? నేనండి."

మాస్టారు ఆ పిల్ల తల మీంచి చెయ్యి తియ్యలేదు. కళ్ళు తెరవలేదు. మర్యాదగా, ఓపికగా, సువార్తమ్మ వైపు చెవి కాస్త వంచి నిలబడ్డారు.

సువార్తమ్మ నోరు తెరవలేదు.